తీసేసిన పేరా

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు నా భార్య కోదాడ బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. అద్దం జరపబోయి, అది కదలకపోతే వదిలేసి, సంచిలోంచి దిద్దాల్సిన పేపర్ల కట్ట తీసుకుంది. నేను బండి మీదే, ఒక కాలు కింద ఆనించి, బస్సు కదిలేదాకా ఉన్నాను. చేతులు ఊపుకోవడం మాకు అలవాటు లేదు. పదిహేడేళ్ళుగా ఆమె సూర్యాపేట నుంచి రోజూ కోదాడ పోయి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. నేను సూర్యాపేటలోనే డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మాకు పిల్లలు లేరు.

పదకొండు దాటాక నా ఫోన్ మూడుసార్లు మోగింది. క్లాసులో ఉన్నాను కాబట్టి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తితే ఆమె కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన. "సార్, మేడమ్ గారు క్లాసులో పడిపోయారండి. మీరేం కంగారు పడకండి, వెంటనే బయల్దేరి రండి. వద్దొద్దు, రాకండి, మేమే అంబులెన్సులో తీసుకొస్తున్నాం" అన్నాడు. ఆ మాటలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని నాకు మొదట తోచింది. భయం ఆ తర్వాత వచ్చింది. ఈ వరస నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

ఆమె విద్యార్థులు తర్వాత చెప్పారు. సెమీకండక్టర్ల పాఠం జరుగుతోంది. సుద్దముక్క కింద పెట్టి, "ఫ్యాన్ జర పెంచండ్రా" అంది. ఫ్యాన్ అప్పటికే ఫుల్లు మీద ఉంది. కుర్చీలో కూర్చుని బల్ల మీద తల ఆన్చింది. మేడమ్ క్లాసులో మాట్లాడితే ఊరుకోదు కాబట్టి యాభై మంది పిల్లలు రెండు మూడు నిమిషాలు చప్పుడు చేయకుండా కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. వాళ్ళు అంత క్రమశిక్షణ ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

సూర్యాపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మెదడులో రక్తనాళం చిట్లిందని స్కాన్ చూపించారు. తెల్లటి మచ్చ సగం ఫిల్మును ఆక్రమించింది. హైదరాబాదు తీసుకుపోతామంటే డాక్టరు స్కాన్ అక్కడి పెద్ద డాక్టరుకు పంపి, ఫోన్ నా చేతికే ఇచ్చాడు. అవతలి ఆయన నాలుగు మాటల్లో చెప్పాడు. దారిలోనే పోతుంది, కదిలించకండి అని. మర్నాడు పొద్దున పరీక్షలు చేశారు. కంటిపాపలో టార్చి వేశారు. చెవిలో చల్లటి నీళ్ళు పోశారు. వెంటిలేటర్ కాసేపు ఆపి, తనంతట ఊపిరి తీసుకుంటుందేమో చూశారు. సాయంత్రం మళ్ళీ అవే చేశారు. మెదడు పని చేయడం లేదు, గుండె మాత్రం మిషను సాయంతో కొట్టుకుంటోంది, మీరూ పెద్దవాళ్ళూ కూర్చుని మాట్లాడుకోండి అన్నారు.

మాట్లాడుకోవడానికి ఆసుపత్రిలో నాతో ఉన్న పెద్దవాడు మా మామ ఒక్కడే. ఆమె తండ్రి. మిర్యాలగూడలో ఉంటాడు. మా అత్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన ప్రాజెక్టు ఎడమ కాలువ మీద లష్కరుగా పనిచేసి రిటైరైనవాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గేజి చూసి నీటిమట్టం రాసుకోవడం ఆయన పని. పదో తరగతి దాకా చదివాడు. కూతురు ఫిజిక్స్‌లో పీజీ చేస్తే మిర్యాలగూడలో ఆయన నడిచే తీరే మారిందని మా అత్త చెప్పేది.

మొదటి రోజు మధ్యాహ్నానికే బస్సులో దిగాడు. చేతిలో బట్టసంచి. అందులో తువ్వాలు, పంచె, ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో ఒక మాసపత్రిక. దాన్ని దూరం నుంచే గుర్తుపట్టాను.

ఆ పత్రిక సంగతి చెప్పాలి.

మూడేళ్ళ కింద నా భార్యకు పిత్తాశయంలో రాళ్ళు తీసేశారు. ఆపరేషన్ అయి బయటికి తెచ్చాక కళ్ళు తెరిచి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగింది. అయిపోయిందంటే నమ్మలేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు అదే మాట. "నిద్రపోయి లేస్తే కొంచెం సేపు గడిచిందని తెలుస్తది సారూ. ఇందుల గడవలే. పదకొండు నుంచి ఒంటిగంట దాక నేను లేను. మళ్ళ ఎక్కడి నుంచి వచ్చిన?" ఆమె నన్ను సారూ అనేది. నేను ఆమెను మేడమ్ అనేవాణ్ణి. ఇది పెళ్ళయిన కొత్తలో ఎగతాళిగా మొదలై అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టింది. కోదాడ బస్సులో పోతూ వస్తూ ఫోన్లో చదివేది. వంటింట్లో నాకు చెప్పేది. మెదడులో కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. అది రసాయనాలు, విద్యుత్తు. ఇందులో ఎవరికీ తగువు లేదు. కానీ వీటి నుంచి "నేను ఉన్నాను" అనే ఎరుక ఎట్లా పుడుతుందో ఎవరికీ తెలియదు. కొందరు శాస్త్రవేత్తలు ఒక సంగతి ప్రతిపాదించారు. కణం లోపల చాలా సన్నని గొట్టాలు ఉంటాయట. పరమాణువుల లోకంలో ఒక వస్తువు ఒకేసారి రెండు స్థితుల్లో ఉండగలదు కదా, అలాంటి క్వాంటమ్ స్థితులు ఆ గొట్టాల్లో కాసేపు నిలుస్తాయట. ఎరుక అక్కడ పుడుతుందట. మత్తుమందు బహుశా అక్కడే దెబ్బ కొడుతుందట.

"కావచ్చు కదా" అన్నాను ఒకసారి.

"ఏం కావచ్చు సారూ? క్వాంటమ్ స్థితి నిలవాలంటే చలి కావాలె, కదలిక ఉండొద్దు. మెదడు చూస్తే వెచ్చగ, తడిగ, అంతా గోల. మిర్యాలగూడల రైసు మిల్లు నడుస్తుంటే లోపల నిలబడి చెవుల మాట చెప్పినట్టు. వినబడుద్దా?"

"మరి పక్షులు దిక్కు తెలుసుకోవడంలో క్వాంటమ్ ఉందేమో అని నువ్వే చెప్పావు మొన్న."

"ఉందేమో అన్న. ఉంది అనలే. మీ తెలుగు సార్లతోటి ఇదే పరేషాన్. ఏమో అన్నదాన్ని మింగేస్తరు."

ఆమె నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

ఉపాధ్యాయులూ అధ్యాపకులూ కలిసి నడుపుకునే ఒక చిన్న మాసపత్రిక ఉంది. దానికి వచ్చే వ్యాసాల భాష దిద్దేది నేనే. నా భార్య ఈ విషయం మీద వ్యాసం రాసింది. చేత్తో, తెల్లకాగితాల మీద, ఏడు పేజీలు. నాకిచ్చి, "అలంకారాలు ఏమన్నా ఉంటే తీసెయ్యండి, మీకు అవంటే పడవు కదా" అంది. పత్రికలో రెండు పేజీలే చోటు. కుదించుకుంటూ వచ్చాను. ఇంకా పది పన్నెండు వాక్యాలు ఎక్కువున్నాయి. చివరి పేరా మొత్తం తీసేశాను. అది అంతకుముందు చెప్పినదాన్నే మళ్ళీ చెబుతోంది అనిపించింది. దాని ముందు పేరా చివర ఒక వాక్యం ఉంది. "మన పరికరాలకు అందని లోతులో, ఉన్నాననే ఎరుక నిశ్శబ్దంగా మిణుకుతూ ఉండవచ్చు." వ్యాసం అక్కడ ముగిస్తే బాగుంటుందనుకున్నాను. అలంకారాన్ని నమ్మను అని క్లాసులో చెప్పేవాణ్ణి, వ్యాసం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క అలంకారాన్ని ఏరి చివర నిలబెట్టాను. వినడానికి బాగుంది, అంతే.

పత్రిక వచ్చిన రోజు బస్సులోంచి ఫోన్ చేసింది. "సారూ, ప్రశ్న ఉంచి జవాబు కత్తిరించిండ్రు. చివరి పేరా ఏది?"

"జాగ లేదు మేడమ్."

"అది లేకపోతే నేను చెప్పింది తలకిందులైంది కదా. పిల్లలు చదివితే ఏమనుకుంటరు? వచ్చే నెల సవరణ వెయ్యించండి. మర్చిపోకండి."

సరే అన్నాను. వచ్చే నెల సంచిక పోయింది, ఆ పై నెలదీ పోయింది. నేను మర్చిపోలేదు. భార్య వ్యాసానికి సవరణ వేయమని అడగడం చిన్నతనంగా అనిపించింది. అడగలేదు.

ఇప్పుడు ఆ పత్రిక ఐసీయూ బయట మా మామ చేతిలో ఉంది.

మొదటి రోజు దాన్ని సంచిలోంచి తీయలేదు. డాక్టరు కూర్చుని మాట్లాడుకోండి అన్నాక, రెండో రోజు సాయంత్రం, వరండాలో ఇనుప బెంచీ మీద తీశాడు.

"వచ్చిన నాడు పేరు సూసి మురిసి పెట్టెల దాసిన అల్లుడా. లోపల సదవలే. నిన్న బస్సుల మొత్తం సదివిన" అన్నాడు. చివరి వాక్యం మీద వేలు పెట్టి గట్టిగా చదివాడు. తర్వాత నా మొహం చూశాడు. "నా బిడ్డ రాసింది గదా ఇది? మిషన్లకు అందదట. లోపల ఉంటదట. మరి ఈళ్ళేంది, టార్చిలైటు కొట్టి, నీళ్ళు పోసి, లేదు అంటరు?"

అనాల్సింది తెలుసు. నోరు రాలేదు.

"ముప్పై రెండేండ్లు కాలువ మీద జేసిన. గేజి మీద సున్నా ఉన్ననాడు గూడ కాలువ అడుగున నీళ్ళు పోతనే ఉంటయ్. సెయ్యి పెట్టి సూస్తే తెలుస్తది. గేజి చెప్పదు. గీ మిషను గూడ గంతే."

లోపలికి పోయినప్పుడు ఆయన ఆమె అరికాలు పట్టుకున్నాడు. బొటనవేలు వెనక్కి లాక్కుంది. ఆయన చెయ్యి వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మంచం ఇనుప కడ్డీ పట్టుకున్నాను. మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ లాక్కుంది.

"గుంజింది! సూసినవా? కాలు గుంజింది!"

నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే మత్తు డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్లు చూసేది ఆమే. కోదాడలో ఇంటర్ చదివినప్పుడు నా భార్య దగ్గర ఫిజిక్స్ నేర్చుకుందట. మొదటి రోజు ఆ సంగతి చెప్పి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ డాక్టరై నిలబడింది.

"అది వెన్నుపాము తాతా. మెదడు చెప్తే కదిలింది గాదు. తేలు కుడితే కాలు తనంతట తనే లాక్కుంటది చూడు, ఆ లెక్క. ఇట్ల చాలామందికి అయితది."

మామ ఆమెను వరండాలోకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. తను నిలబడ్డాడు. "అమ్మా, ఒక్కటి అడుగుత, తప్పనుకోకు. నువ్వు రోజు మనుషులకు మత్తు ఇస్తవ్ గద. గా మత్తు లోపల ఎట్ల పనిచేస్తది?"

ఆ పిల్ల నా భార్య విద్యార్థి. అబద్ధం చెప్పలేకపోయింది. "నిజం చెప్పాలంటే పూర్తిగ తెల్వదు తాతా. ఎంత ఇయ్యాలె, ఎప్పుడు ఆపాలె, అవి తెలుసు. మనిషికి ఎరుక ఎట్ల పోతది, మళ్ళ ఎట్ల వస్తది, దాని మీద ఇంకా పరిశోధన నడుస్తనే ఉంది."

"ఆగో!" మామ నా వైపు తిరిగాడు. "విన్నవా? ఇచ్చేటోళ్ళకే తెల్వదట. నా బిడ్డ రాసిందే నిజం."

"అది వేరు తాతా, ఇది వేరు. మత్తుల మెదడు బతికే ఉంటది. రక్తం తిరుగుతనే ఉంటది..."

"తెల్వంది తెల్వదని చెప్పినవ్, మంచిగుంది. తెల్వకుంటనే పోయిందని ఎట్ల చెప్తవ్ బిడ్డా?"

ఆమె నన్ను చూసింది. నేనేదో అంటానని అనుకున్నట్టుంది. నేను గోడ మీద ఉన్న చేతులు కడుక్కునే బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

నేను అప్పుడు మాట్లాడకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. బొటనవేలు లాక్కున్న క్షణంలో నేనూ ఆయనతో పాటు నమ్మాను. నేను దిద్దిన వాక్యాన్ని, అది ఎట్లా మిగిలిందో తెలిసి కూడా, నమ్మాను. ఆమె లోపల ఉంది, అన్నీ వింటోంది, మేం ఆమెను మిషన్ తీసేయాలా వద్దా అని మాట్లాడుకోవడం వింటోంది అనుకున్నాను. ఆ ఆలోచన ఆశలా రాలేదు నాకు. ఒక మనిషిని గోడలో పెట్టి కట్టేస్తున్నామా అన్నట్టు వచ్చింది. ఆయనకు అదే ఆలోచన ఆశగా వచ్చింది. ఒకే వాక్యం.

మూడో రోజు డాక్టరు మళ్ళీ పిలిచాడు. బీపీ పడిపోతోంది, మందులతో నిలబెడుతున్నాం, ఏ సంగతీ తేల్చి చెప్పండి అన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు. "ఉంచుండ్రి. నెల అయినా ఉంచుండ్రి. నేను మిర్యాలగూడ పోను" అన్నాడు.

నేను బండి మీద ఇంటికి పోయాను. పొద్దున తొమ్మిదిన్నర అయింది. వంటింట్లో ఆమె పడిపోయిన రోజు పొద్దున నానబెట్టిన మినపప్పు మూడు రోజులుగా గిన్నెలోనే ఉండి పులిసి వాసన వస్తోంది. పారబోసి గిన్నె కడిగాను. ఇలాంటప్పుడు గిన్నె కడుగుతున్నానేమిటి అనుకుంటూనే కడిగాను. తర్వాత అలమారలో ఆమె ఫైలు తీశాను. ఏడు పేజీలూ ఉన్నాయి. చివరి పేజీ మీద నా ఎర్ర పెన్ను గీత, మూల నుంచి మూలకు.

వరండాలో మామ పక్కన కూర్చుని ఏడో పేజీ ఇచ్చాను. "ఇది కూడా మేడమ్ రాసిందే మామా. పత్రికలో రాలేదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. చాలాసేపు పట్టింది. ఆ పేరా ఇది.

"పై వాక్యం వినడానికి బాగుంది. అందుకే దాన్ని అనుమానించాలి. మెదడులో క్వాంటమ్ ప్రభావాలకు ఎరుకతో సంబంధం ఉందని ఇప్పటిదాకా ఎవరూ కొలిచి చూపలేదు. రేపు చూపినా, బతికి ఉన్న మెదడులో ఎరుక ఎట్లా పుడుతుందో అది చెబుతుంది. రక్తం అందక ఆగిపోయిన మెదడులో ఎరుక మిగిలి ఉంటుందని చెప్పదు. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. రెండోదానికి క్వాంటమ్ పేరు వాడుకునేవాళ్ళు ఉంటారు. మనకు ఇష్టమైనవాళ్ళు పోయినప్పుడు మనమే వాడుకుంటాం. అప్పుడు కూడా వాడకూడదు."

చదివి మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది బిడ్డ చేతిరాతే" అన్నాడు.

"అవును మామా."

"గీ ఎర్ర గీత?"

"నాది."

"ఎందుకు గీసినవ్?"

"జాగ చాల్లేదు."

"జాగ" అన్నాడు. ఆ మాట అర్థం తెలియనట్టు ఇంకోసారి అన్నాడు. "జాగ."

తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన కాగితం మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు. "ఇంకేమన్న తీసినవా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పదిహేడేళ్ళలో ఆమె రాసిన ప్రతీదీ నేనే దిద్దాను. "తీసిన మామా. అన్నిట్ల ఎంతో కొంత తీసిన."

"ఉన్నయా అవి?"

"కొన్ని ఉన్నయ్."

ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ టైములో లోపలికి పంపరు, కానీ ఎవరూ ఆపలేదు. అద్దంలోంచి చూశాను. మంచం పక్కన నిలబడ్డాడు. ముట్టుకోలేదు. కాసేపటికి బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని, తనలో తాను అనుకున్నట్టు మాట్లాడాడు.

"గేజి సున్నా ఉన్నా అడుగున నీళ్ళుంటయ్ అన్న గద నిన్న. నిజమే. పైన తలుపు మూసినంక ఎన్ని దినాలుంటయో చెప్పలే నేను. వారం ఉంటయ్. పది దినాలు ఉంటయ్. అటెన్క బురద. అది గూడ నాకెరికే. నేను గూడ సగమే చెప్పిన."

తర్వాత నా వైపు తిరిగాడు.

"సంతకం పెట్టు అల్లుడా" అన్నాడు.

పెట్టాను. పెన్ను అక్కడి నర్సుది. మధ్యాహ్నం రెండు దాటాక మత్తు డాక్టరమ్మే వచ్చి గొట్టం తీసింది. మేమిద్దరం మంచానికి చెరో పక్క ఉన్నాం. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు నేను ఏడవలేదు. ఆమె మొహం చూస్తూ ఉన్నాను. అది ప్రేమతో చూడటమని చెప్పుకోవచ్చు. నిజానికి పరీక్ష హాల్లో నిలబడి చూసినట్టు చూశాను. ఏదైనా కదిలితే, ఏ కొంచెం కదిలినా, నేను ఒక పని చేసినట్టు. కదలకపోతే ఇంకో పని చేసినట్టు. ఏమీ కదల్లేదు. కదలకపోవడం కూడా దేనికీ రుజువు కాదని ఆమె అయితే అనేది.

మర్నాడు సూర్యాపేటలోనే దహనం. కోదాడ నుంచి ఆమె విద్యార్థులు రెండు బస్సుల్లో వచ్చారు. శ్మశానానికి పోయే దారిలో, సగం దూరంలో, మా వైపు పాడెను ఒకసారి కిందికి దించుతారు. దింపుడు కళ్లం అంటారు. దగ్గరివాళ్ళు వంగి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలైనా ఉంటే లేస్తారని. డాక్టర్లూ మిషన్లూ లేని కాలంలో అది అవసరమైన పనే అయి ఉంటుంది. ఇప్పుడు అందరూ చేస్తారు, ఎవరూ ఆగి వినరు. పిలిచి వెంటనే ఎత్తేస్తారు.

దించారు. మామ తమ్ముడు నా భుజం తట్టాడు. "వంగు అల్లుడా. కుడి చెవుల. పేరు పెట్టి పిలువాలె, మేడమ్ గీడమ్ అనొద్దు."

వంగాను. ఆమెను పేరు పెట్టి నేను ఎప్పుడూ పిలవలేదు. కాగితాల మీద రాశాను, వేరేవాళ్ళతో చెప్పాను, ఆమె మొహం ముందు అనలేదు. నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది, నేను పిలిస్తే ఆగి వింటాను. అందరిలా కాదు. నిజంగా చెవి పెట్టి వింటాను.

మామ వచ్చి నా రెక్క పట్టి లేపాడు. "పిలవకు."

"ఏందే అన్నా" అన్నాడు తమ్ముడు. "ఆనవాయితి గద. మూడు మాటలు. ఏం పోతది?"

"నిన్న సంతకం పెట్టినం రా" అన్నాడు మామ. గొంతు పెద్దగా లేదు, కానీ చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది. "వినబడదు, లేదు అని పెట్టినం. ఇయ్యాల పిలిస్తే ఏంది దాని అర్థం? వినబడుద్దేమో అని పిలిచినట్టే గద. అట్లయితే నిన్న మేమిద్దరం చేసిందేంది?"

వెనక నిలబడిన విద్యార్థుల్లో ఒక అమ్మాయి ఏడుపు ఆపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకుంది. నిన్నటి నుంచి నన్ను నేను అడుగుతున్న మాటను ఆయన రోడ్డు మీద అందరి ముందు అన్నాడు. ఆయనకు నా మీద కోపం వచ్చి అనలేదు. తను కూడా సంతకంలో ఉన్నానని చెప్పడానికి అన్నాడు. మేమిద్దరం అన్నాడు.

"ఎత్తుండ్రి" అన్నాడు. ఎత్తారు.

పన్నెండో రోజు తర్వాత ఆ పేరాను పత్రికకు పంపాను. మొత్తం పేరా, ఒక్క మాట తీయకుండా, వ్యాసం వచ్చిన సంచికలో ఇది తీసేసింది నేను అని నా పేరుతో రాసి. ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో వేశారు. సంచిక మిర్యాలగూడ తీసుకుపోయి మామకు ఇచ్చాను. ఆమె చేతిరాత కాగితాన్ని ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు. అచ్చులో ఉన్నదాన్ని దానితో పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి, ఒక్కో మాటా సరిచూశాడు. సరిపోయిందని తలూపి టీ పెట్టమని నాకే చెప్పాడు. మిగతా కాగితాలు కూడా, దొరికినవన్నీ, నెలకు కొన్ని తీసుకుపోతున్నాను. ఎర్ర గీత కింద ఉన్నది ఇద్దరం చదువుతాం. కొన్ని నిజంగానే తీసేయాల్సినవి. ఆయన ఆ మాట ఒప్పుకోడు.

ప్రశ్న నాకు తేలలేదు. మెదడులో క్వాంటమ్ ప్రభావాలు ఎరుకకు కారణమా అన్నది ఆమెకే తేలలేదు, నాకేం తేలుతుంది. కొత్త పరిశోధన ఏదైనా వచ్చిందని కనిపిస్తే చదువుతాను. మొదటి పేరా కన్నా ముందు చివరి పేరా చదువుతాను. అవును అని ఉంటే గుండె ఆగినట్టవుతుంది. కాదు అని ఉన్నా అంతే.

ఈ ఏడు నడిగూడెంలో మామ అక్క పోయింది. తొంభై దాటిన మనిషి. ఇంట్లోనే, నిద్రలో పోయింది, ఎవరూ ఏ సంతకమూ పెట్టలేదు. మామను బండి మీద నేనే తీసుకుపోయాను. సగం దారిలో పాడె దించారు. ఆమె కొడుకు వంగబోతూ మామ వైపు చూశాడు, మామ తమ్ముడు చూశాడు, అందరూ చూశారు. సూర్యాపేటలో జరిగింది అప్పటికి ఆ ఊళ్ళన్నిటికీ తెలుసు. మామ ఏమీ అనలేదు. వద్దని కూడా అనలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. కొడుకు కాసేపు అట్లాగే వంగి ఉండి, పిలవకుండానే లేచాడు.

మా వాళ్ళలో ఇప్పుడు పాడె దించుతారు, ఎత్తుతారు. చెవిలో పిలవడం లేదు.